లంచం లెక్క: గుణకారంలో సున్నా ఎక్కడ పడుతోంది?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ పేపర్లో జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్లకు ఈ వార్త కొత్త కాదు. ఫలానా ఆఫీసులో ఫలానా ఉద్యోగి ఇన్ని వేలు తీసుకుంటూ ఏసీబీకి చిక్కాడు. నోట్లకు పూసిన ఫినాఫ్తలీన్ పొడి వేళ్లకు అంటుకుంది, సోడా ద్రావణంలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. బల్ల మీద నోట్లు పరిచి ఒక ఫొటో. చదివినవాళ్లు ‘ఇలాంటివాళ్లకు యావజ్జీవం వెయ్యాలి’ అంటారు. కొన్నాళ్లకు పక్క మండలంలో మరొకరు దొరుకుతారు. ఒక్కోసారి అదే ఆఫీసులో, అదే కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి.

అదే కుర్చీలో మళ్లీ జరిగిందంటే మనిషి గుణం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ కుర్చీ చుట్టూ ఉన్న లెక్కను కూడా చూడాలి. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. సంభావ్యత పాఠానికి పాచికలు, పేకముక్కలతో పాటు లంచాన్ని కూడా ఉదాహరణగా తీసుకుంటాను. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పాసుపుస్తకం కోసమో ప్లాన్ అప్రూవల్ కోసమో తిరిగి ఉంటారు కాబట్టి లెక్క వాళ్లకు వెంటనే ఎక్కుతుంది. ఈ విషయం మీద ప్రపంచంలో యాభై ఏళ్లకు పైగా గట్టి పని జరిగింది. అందులో కొంత మన రాష్ట్రం మీదే జరిగింది. అది మన చర్చల్లోకి రావడం లేదన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

ఒక గుణకారం

1968లో గ్యారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త నేరం, శిక్షల మీద ఒక వ్యాసం రాశారు. అంతకుముందు ఒకసారి ఆయన ఒక విద్యార్థికి పరీక్ష పెట్టాల్సి ఉండి, కొలంబియా యూనివర్సిటీకి ఆలస్యంగా బయల్దేరారు. కారు దూరంగా పార్కింగ్ స్థలంలో పెట్టాలా, రోడ్డు పక్కనే పెట్టేసి జరిమానా పడితే పడనివ్వాలా అని దారిలో లెక్క వేసుకున్నారు. తన సిద్ధాంతానికి ఆ ఆలోచనే మొదలని 1992లో నోబెల్ అందుకున్నప్పుడు ఆయనే చెప్పారు.

ఆ సిద్ధాంతం చాలా చిన్నది. తప్పు చేస్తే వచ్చే లాభాన్ని ఒక పక్క పెట్టండి. శిక్ష పడే అవకాశాన్ని, శిక్ష వల్ల కలిగే నష్టంతో గుణించి రెండో పక్క పెట్టండి. మొదటిది పెద్దదైతే తప్పు జరుగుతుంది. మనుషులందరూ చెడ్డవాళ్లని ఇందులో ఎక్కడా లేదు. లెక్క చూసుకునేవాళ్లు కొందరుంటారని మాత్రమే ఉంది.

మన ఊరి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అంకెలు నేను అనుకున్నవే, లెక్క నడక చూడటానికి. ఒక ఉద్యోగి ఫైలు కదపడానికి 10,000 రూపాయలు అడుగుతాడు. శిక్ష పడితే ఉద్యోగం, పెన్షన్, పరువు, జైలు అన్నీ కలిపి అతనికి జరిగే నష్టం కోటి రూపాయలు అనుకుందాం. అంటే శిక్షపడే అవకాశం వెయ్యిలో ఒకటి దాటితే లంచం గిట్టదు.

ఆ అవకాశం ఎక్కడి నుంచి వస్తుంది? ముందు బాధితుడు ఏసీబీ దాకా వెళ్లాలి. 200 మందిలో ఒకరు వెళతారనుకుందాం. పన్నిన ట్రాప్ ఫలించాలి, అది సగం సార్లు. తర్వాత పై అధికారులు ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చి ఛార్జిషీటు పడాలి, అది ఐదింట నాలుగు. కోర్టులో నేరం రుజువు కావాలి, అది మళ్లీ సగం. ఇవన్నీ కూడకూడదు, గుణించాలి. ఒకటి బై రెండొందలు, ఇంటూ సగం, ఇంటూ ఐదింట నాలుగు, ఇంటూ సగం. సరిగ్గా వెయ్యిలో ఒకటి వస్తుంది. ఉద్యోగి దృష్టిలో లాభం, భయం సమానం.

ఇప్పుడు కాలాన్ని కలపండి. తీర్పు రావడానికి పదేళ్లు పడుతుందనుకుంటే, ఎప్పుడో వచ్చే నష్టం ఇవాళ సగం బరువే తూగుతుంది. గుణకారం రెండు వేలలో ఒకటికి పడిపోతుంది. కోటిలో రెండు వేలో వంతు 5,000. చేతికొచ్చేది 10,000. లంచమే గిట్టుబాటు.

శిక్షను రెట్టింపు చేస్తే లెక్క మళ్లీ సమానానికి వస్తుంది, అంతకు మించి కాదు. అదే 200 మందిలో ఒకరు కాకుండా 50 మందిలో ఒకరు ఫిర్యాదు చేస్తే, శిక్ష పెంచకుండానే అతని భయం విలువ 20,000 అవుతుంది. మన చర్చ ఎప్పుడూ శిక్ష చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే దాన్ని పెంచడానికి చట్టంలో ఒక వాక్యం మారిస్తే చాలు. నిజంగానే మార్చారు కూడా. 1988 అవినీతి నిరోధక చట్టంలో లంచం తీసుకున్న ఉద్యోగికి మొదట ఆరు నెలల నుంచి ఐదేళ్ల శిక్ష ఉండేది. 2014 నుంచి అది మూడేళ్ల నుంచి ఏడేళ్లు అయింది. కాగితం మీద ఇది పెద్ద పెంపు. కానీ గుణకారంలో మిగతా అంకెలు కదలకపోతే, శిక్ష బరువు పెరిగేకొద్దీ దాన్ని తప్పించుకోవడానికి ఖర్చుపెట్టే మొత్తం కూడా పెరుగుతుంది. సాక్షిని తిప్పుకోవడానికి నిందితుడు ఎంతకైనా తెగిస్తాడు. అంటే మనం ఒక అంకె పెంచితే, ఆ పెంపే ఇంకో అంకెను కిందికి లాగవచ్చు.

గుణకారానికి ఉన్న ఈ గుణాన్ని పిల్లలకు పదేపదే చెబుతాను. కూడికలో ఒక అంకె సున్నా అయితే మిగతావి నిలబడతాయి. గుణకారంలో ఒక్కటి సున్నా అయితే మొత్తం పోతుంది. వంద సీసీ కెమెరాలు పెట్టి, వెయ్యి ట్రాపులు చేసి, అనుమతి ఫైలు మీద ఎవరూ సంతకం పెట్టకపోతే జవాబు సున్నాయే.

మన దగ్గరే దొరికిన సాక్ష్యం

ఇది బోర్డు మీద లెక్క మాత్రమే కాదు. ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీని దేశంలో అందరికన్నా ముందు పెద్ద ఎత్తున చేపట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే ఏర్పడింది. ఊళ్లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చదివి వినిపించడం, ఇంటింటికీ వెళ్లి ‘నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి పడింది, నీకు అందిందా’ అని అడగడం, చివర్లో అందరి ముందూ బహిరంగ విచారణ. కనిపెట్టే అవకాశం అన్న అంకెను దాదాపు ఒకటి దాకా తీసుకెళ్లిన ఏర్పాటు ఇది.

ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే పరిశోధకులు ఆ తనిఖీ నివేదికలను తీసుకుని 300 పంచాయతీల్లో ఏం జరిగిందో చూశారు. తనిఖీలు అక్రమాలను బయటపెట్టాయి, అందులో సందేహం లేదు. కానీ తనిఖీ మీద తనిఖీ జరిగినా మొత్తం అక్రమాలు తగ్గలేదు. సులువుగా దొరికేవి తగ్గి, దొరకడం కష్టమైన రకాలు పెరిగాయి. ఎందుకంటే దొరికిన తర్వాత జరగాల్సింది జరగలేదు. స్వాహా అయినట్టు తేలిన సొమ్ములో 87 శాతం తిరిగి రాబట్టలేకపోయారు. ఆ తనిఖీల్లో పనిచేసిన ఊరి యువతీ యువకుల శ్రమ తలచుకుంటే మనసు కష్టపెట్టుకోవాల్సిన విషయమిది. వాళ్లు తమ వంతు అంకెను నిలబెట్టారు, చివరి అంకె దగ్గర సున్నా పడింది.

దీని పక్కనే ఇంకో ఫలితం పెట్టి చూడాలి. ఉపాధి కూలి, పింఛన్లను వేలిముద్రతో చెల్లించే స్మార్ట్ కార్డులను ఇదే ఉమ్మడి రాష్ట్రంలో మండలాల వారీగా ప్రవేశపెట్టేటప్పుడు, ఏ మండలంలో ముందు రావాలో లాటరీతో నిర్ణయించారు. దాదాపు 1 కోటి 90 లక్షల మందికి సంబంధించిన ప్రయోగమది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, పథకం అందకుండా పోయినవాళ్లు పెరగలేదు. ఇక్కడ ఎవరినీ పట్టుకోలేదు, శిక్షించలేదు. సొమ్ము ఎవరి చేతుల మీదుగా వెళుతుందో ఆ దారే మార్చారు. తీసుకునే వీలే తగ్గితే గుణకారం దాకా వెళ్లే అవసరం రాదు.

చేతులు ఎక్కువైతే

‘పై నుంచి కింది దాకా అందరికీ వాటా వెళుతుంది’ అని ఆవేదనగా చెబుతుంటారు. కానీ వాటాలు పంచుకునే ముఠా కన్నా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఎవరికి వాళ్లు అడిగే ఆఫీసు జనాన్ని ఎక్కువ నలిపేస్తుంది. ఆండ్రీ ష్లైఫర్, రాబర్ట్ విష్ణీ 1993లో చూపిన ఫలితమిది. మొదటిసారి విన్నప్పుడు నమ్మకం కుదరదు కాబట్టి అంకెలతోనే చూద్దాం.

ఒక అనుమతి కోసం 100 మంది వచ్చారు. దాని కోసం ఒకరు 100 రూపాయలకు మించి ఇవ్వలేరు, ఇంకొకరు 200, అలా చివరి మనిషి 10,000 దాకా ఇవ్వగలడు. లంచం మొత్తం ఒక్కడే వసూలు చేస్తే అతనికి ఎక్కువ రాబడి ఇచ్చే ధర 5,000. దాదాపు 50 మంది ఇస్తారు, అతనికి రెండున్నర లక్షలు వస్తాయి. ఇప్పుడు అదే ఫైలు మీద నలుగురు సంతకం పెట్టాలి, నలుగురూ ఎవరికి వాళ్లు రేటు పెట్టుకుంటారు. ఒక్కొక్కరు తన రాబడి ఒక్కటే చూసుకుంటే ఒక్కో రేటు 2,000 దగ్గర ఆగుతుంది. మొత్తం 8,000. అంత ఇచ్చుకోగలిగేది 20 మందే. నలుగురికీ కలిపి వచ్చేది లక్షా అరవై వేలు. లంచం ఇచ్చినవాళ్లు తలా ఎక్కువ కట్టారు, 80 మందికి అనుమతే దక్కలేదు, లంచగొండులకు కూడా రాబడి తగ్గింది. నేను ఇంకో ఐదొందలు పెంచితే పక్కవాడి గిరాకీ పోతుందన్న చింత ఎవరికీ లేకపోవడమే కారణం.

దీన్ని రోడ్డు మీద చూసినవాళ్లున్నారు. ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బ్యారన్ లారీ డ్రైవర్ల పక్కన మనుషులను కూర్చోబెట్టి 304 ట్రిప్పుల్లో ఆరు వేలకు పైగా మామూళ్లను నమోదు చేయించారు. తిరుగుబాటుదారులతో శాంతి ఒప్పందం తర్వాత సైన్యం, పోలీసులు వెనక్కి వెళ్లడంతో చెక్‌పోస్టులు తగ్గాయి. అప్పుడు మిగిలిన ఒక్కో పోస్టు దగ్గర వసూలు పెరిగింది. మొత్తం మీద డ్రైవర్‌కు భారం తగ్గింది గానీ, పోస్టులు తగ్గినంతగా తగ్గలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఓనర్లతో కాసేపు కూర్చుంటే ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదనిపిస్తుంది.

ఇదే మోడల్‌ను తిప్పితే పరిష్కారం కనబడుతుంది. ఒకే పనికి నలుగురు సంతకం పెట్టాల్సిన చోట లంచం పెరిగితే, నలుగురిలో ఎవరు పెట్టినా చాలన్న చోట పోటీ వల్ల అది సున్నా వైపు జారుతుంది. 2011లో వచ్చిన మీసేవలో ఈ ఆలోచన సగం ఉంది. దరఖాస్తు ఏ కేంద్రంలోనైనా ఇవ్వవచ్చు. కానీ దాన్ని ఆమోదించే సంతకం మళ్లీ ఒక్క ఆఫీసులోని ఒక్క మనిషిదే. కౌంటర్ దగ్గర పోటీ వచ్చింది, సంతకం దగ్గర గుత్తాధిపత్యం అలాగే మిగిలింది. 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాలకూ ఇదే వర్తిస్తుంది. కొన్ని రకాల ఫైళ్లను ఆమోదించే అధికారిని కంప్యూటర్ వేరే మండలం నుంచి యాదృచ్ఛికంగా ఎంచితే ఏమవుతుందో ప్రయోగం చేసి చూడటానికి ఇప్పుడు సాంకేతికంగా అడ్డేమీ లేదు.

అందరూ తింటుంటే

తొంభై మంది తీసుకునే ఆఫీసులో పదిమంది నిజాయతీపరుల పరిస్థితి ఏమిటి? దీనికి నార్వే ఆర్థికవేత్తలు ఆండ్విగ్, మోయెన్ 1990లో ఒక మోడల్ ఇచ్చారు. దాని ప్రాణాన్ని ఇలా చెప్పుకోవచ్చు. ఒక శాఖలో వందమంది ఉద్యోగులు. విజిలెన్స్‌కు ఏడాదికి ఐదు కేసులు లోతుగా చూసే శక్తి ఉంది. లంచం తీసుకునేవాళ్లు పదిమందే అయితే ఒక్కొక్కరు దొరికే అవకాశం సగం. తొంభై మంది అయితే ఆరు శాతం కూడా లేదు. అదే చట్టం, అదే సిబ్బంది, భయం మాత్రం తొమ్మిదో వంతు. అందుకే తక్కువ అవినీతి ఉన్న చోట అది తక్కువగానే నిలుస్తుంది, ఎక్కువ ఉన్న చోట ఎక్కువగానే నిలుస్తుంది. మధ్యలో ఉన్న గీతను దాటించేదాకా ఎంత కష్టపడినా మళ్లీ వెనక్కే జారుతుంది.

ఏసీబీ శక్తిని రాష్ట్రమంతా పల్చగా చల్లడం కన్నా, ఒక శాఖను, ఒక జిల్లాను ఎంచుకుని గీత దాటేదాకా వదలకుండా పట్టుకోవడం మేలని దీని అర్థం. ఐదు కేసుల శక్తిని పది ఆఫీసులకు పంచితే ఎక్కడా భయం పుట్టదు.

‘మన రక్తంలోనే ఉంది’ అనేవాళ్ల కోసం ఒక ఫలితం చెప్పాలి. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానాల నుంచి చాలాకాలం రక్షణ ఉండేది. అప్పట్లో, అవినీతి ఎక్కువన్న పేరున్న దేశాల వాళ్లే ఎక్కువ జరిమానాలు కట్టకుండా వదిలేశారని ఫిస్మన్, మిగెల్ లెక్కతీశారు. అంటే ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాటు నిజమే. కానీ 2002 చివర్లో నగరం గట్టిగా వసూళ్లు మొదలుపెట్టగానే ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి.

ఇచ్చినవాడు ఎందుకు నోరు విప్పడు

మొదటి గుణకారంలో అన్నిటికన్నా చిన్న అంకె ఫిర్యాదు. 2011లో కేంద్ర ఆర్థిక శాఖకు ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు దీని మీద ఒక ప్రతిపాదన చేసి పెద్ద దుమారం రేపారు. తనకు హక్కుగా రావాల్సిన పని కోసం లంచం ఇవ్వాల్సి వచ్చినవాడిని శిక్షించకూడదు, తీసుకున్నవాడినే శిక్షించాలి అన్నారు. ఆయన వాదనంతా గేమ్ థియరీ, అంటే ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించుకుని ఎత్తు వేసే ఆట లెక్క. ఇచ్చినవాడూ నేరస్థుడే అయితే, డబ్బు చేతులు మారిన క్షణం నుంచి ఇద్దరి ప్రయోజనం ఒకటవుతుంది, ఇద్దరూ దాస్తారు. ఇచ్చినవాడిని వదిలేస్తే, అతను తర్వాత చెప్పేస్తాడన్న భయంతో అడిగేవాడు ముందే వెనకాడతాడు.

చట్టం ఆ దారిలో కొంతే నడిచింది. 2018 సవరణ ప్రకారం లంచం ఇవ్వడం కూడా ఏడేళ్ల దాకా శిక్షపడే నేరం. అయితే బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వాళ్లకు మినహాయింపు ఉంది. ఈ ఏడు రోజుల సంగతి చాలామందికి తెలియదు. ముందుగానే ఏసీబీకి చెప్పి ట్రాప్‌లో భాగంగా ఇచ్చినవాళ్లకు ఎలాగూ రక్షణ ఉంది. ఏసీబీ ఫోన్ నంబరు 1064.

అయినా జనం ఎందుకు చెప్పరు? బసు మోడల్లో ఆట ఒక్కసారే ఆడతారు. మన జీవితంలో అలా కాదు. ఇవాళ పొలం మ్యుటేషన్ కోసం వెళ్లిన రైతు రేపు పంట నష్టం నమోదుకు, ఎల్లుండి కూతురి ఆదాయ ధ్రువపత్రానికి అదే ఆఫీసు మెట్లు ఎక్కాలి. పరిశోధకులు ఈ ఆటను ప్రయోగశాలలో ఆడించినప్పుడు కూడా, ఫిర్యాదు చేసినవారి మీద అధికారి కక్ష తీర్చుకునే వీలుంటే బసు చెప్పిన ప్రయోజనం చాలావరకు తగ్గిపోయింది. కాబట్టి ఫిర్యాదు చేసినవారి మిగతా పనులు వేరే ఆఫీసుకు మారే ఏర్పాటు లేకుండా ధైర్యం చెయ్యమని జనానికి ఉపదేశించడం నాకు న్యాయంగా తోచదు.

గదిలో లేని మూడో మనిషి

రాజకీయ అవినీతికి వస్తే లెక్క ఇంకా కఠినమవుతుంది. కౌంటర్ దగ్గర లంచంలో కనీసం ఒక బాధితుడు ఎదురుగా ఉంటాడు. టెండరు గదిలో ఇచ్చేవాడికీ లాభమే, పుచ్చుకునేవాడికీ లాభమే. నష్టపోయేది ఆ గదిలో లేని మనిషి, రెండేళ్లకే గుంతలు పడిన రోడ్డు మీద స్కూటర్ నడిపే మనిషి. ఫిర్యాదు అన్న అంకె ఇక్కడ పుట్టుకతోనే సున్నా. మోడల్ ఇంకో దారి వెతకాలి.

ముందు ఈ డబ్బు ఎందుకు కావాలో చూద్దాం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి మన రాష్ట్రంలో 40 లక్షలు. కృష్ణా డెల్టాలో ఎన్నిక చూసిన ఎవరికీ ఆ అంకె సరిపోదని చెప్పనక్కర్లేదు. ఒక అభ్యర్థి 10 కోట్లు పెడతాడు, గెలిచే అవకాశం సగం అనుకుందాం. పెట్టుబడిగా చూసేవాడికి గిట్టాలంటే గెలిచినప్పుడు 20 కోట్లు రావాలి, ఎందుకంటే సగం సార్లు అంతా పోతుంది. ఐదేళ్లకు పంచితే నెలకు 33 లక్షలు. జీతం నుంచి అది రాదు. పోటీ పెరిగి ఖర్చు రెట్టింపైతే ఈ అంకె కూడా రెట్టింపవుతుంది. ఓటుకు నోటును ఓటరు నైతికత సమస్యగా చూస్తాం గానీ, అది తర్వాతి ఐదేళ్ల పర్సంటేజీకి ముందే రాసిపెట్టిన అంకె. దేవేశ్ కపూర్, మిలన్ వైష్ణవ్ దీని జాడను సిమెంటులో పట్టారు. బిల్డర్ల దగ్గరున్న డబ్బు ఎన్నికలకు మళ్లుతుందన్నది వాళ్ల ఊహ. అలాగైతే ఎన్నికల సమయంలో నిర్మాణం మందగించాలి. రాష్ట్రాల సిమెంటు వాడకం లెక్కల్లో అలాగే పడిపోవడం కనబడింది.

గెలిచాక జరిగేదాన్ని కూడా కొలిచారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో కాంట్రాక్టరును ఎంపిక చేసే అధికారం ఎమ్మెల్యేకు లేదు. జొనాథన్ లేన్, జేకబ్ షాపిరో, ఒలివర్ వాండెన్ ఐండె 88,000కు పైగా రోడ్ల వివరాలు తీసుకుని, స్వల్ప తేడాతో ఎన్నికలు తేలిన నియోజకవర్గాలను చూశారు. ఎమ్మెల్యే గెలిచాక అతని ఇంటిపేరే ఉన్న కాంట్రాక్టర్ల వాటా 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. అలాంటి చోట్ల, పూర్తయినట్టు రికార్డుల్లో ఉండి తర్వాతి జనగణనలో కనబడని రోడ్లు ఎక్కువ. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు, ఒక్కరి మీద నేరం మోపడానికి ఇది పనికిరాదు. కానీ వేల రోడ్ల మీద ఒకే దిశలో తూకం మొగ్గితే అది కాకతాళీయం కాదు.

టెండర్లలో కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుని రింగు కట్టడాన్ని ఇలాగే పసిగట్టవచ్చు. సమాన బలం ఉన్న నలుగురు కాంట్రాక్టర్లు ఎనిమిది పనులకు నిజంగా పోటీపడ్డారు. మొదటి నాలుగు పనులు నలుగురికీ తలా ఒకటి వచ్చి, తర్వాతి నాలుగూ సరిగ్గా అదే వరసలో మళ్లీ రావడానికి అవకాశం దాదాపు 2,700లో ఒకటి. అలాంటి వరస కనబడితే వంతులు వేసుకున్నారేమోనని ఆగి చూడాలి. ఒకే టెండరు పడ్డ పనులు ఎన్ని, టెండరు లేకుండా పని అప్పగించే నామినేషన్ పరిమితి 5 లక్షలైతే 4 లక్షల 90 వేలకు కాస్త అటూ ఇటూ అంచనాలు ఎన్ని గుమిగూడాయి అన్నవి కూడా ఇలాంటి గుర్తులే. యూరప్‌లో మిహాయ్ ఫజెకాష్ బృందం ఒక్క టెండరే పడిన పనుల వాటాను ప్రమాద సూచికగా వాడుతోంది. మన దగ్గర 2003 నుంచే ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఉంది. ముడి సరుకు ఎప్పటి నుంచో సర్వర్లలో పడి ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. వెయ్యి టెండర్లలో 50 నిజంగా కుళ్లినవి అనుకోండి. మన పరీక్ష కుళ్లినవాటిలో 80 శాతాన్ని పడుతుంది, మంచివాటిలో 10 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుంది. కుళ్లినవి 40 దొరుకుతాయి, మంచివి 95 చిక్కుకుంటాయి. ఎర్రజెండా పడిన 135లో నిజమైనవి 30 శాతమే. ఈ జాబితాను నేరుగా పేపరుకెక్కిస్తే తొంభై మందికి పైగా నిర్దోషుల పరువు పోతుంది. నిజాయతీగా పనిచేసే ఇంజనీర్లు సంతకం పెట్టడానికే జంకుతారు. ఆ జాబితా వెళ్లాల్సింది రోడ్డును కోసి నమూనా తీసే కోర్ కటింగ్ మిషన్ పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లే బృందం చేతికి.

కోర్ కటింగ్ ఏం చేయగలదో కూడా కొలిచినవాళ్లున్నారు. ఇదే ఓల్కెన్ జావాలో 608 ఊళ్లలో రోడ్లను తవ్వి నమూనాలు తీయించి, మన ఎం-బుక్ (పని కొలతల పుస్తకం)లా ఖర్చు చూపే అక్కడి లెక్కలతో పోల్చారు. ఆడిట్ జరిగే అవకాశం 4 శాతం నుంచి 100 శాతానికి పెంచి, ఆ సంగతి ముందే చెప్పిన ఊళ్లలో మాయమయ్యే ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. అదే ఊళ్లలో పనులు బంధువులకు ఇచ్చుకోవడం పెరిగింది. కాలువకు ఒక చోట గండి పూడిస్తే నీరు ఇంకో బలహీనమైన గట్టు వెతుక్కున్నట్టు, సొమ్ము ఇంకో దారి పట్టింది. మోడల్ తయారు చేసేటప్పుడు ఆ రెండో గట్టును కూడా లెక్కలో పెట్టాలి.

డబ్బు ఇచ్చినవాడి పేరు దొరక్కపోతే వీటిలో ఏదీ నడవదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టేసి, స్టేట్ బ్యాంకు చేత వివరాలు బయటపెట్టించాకే ఎవరు ఏ తేదీన ఏ పార్టీకి ఇచ్చారో, ఆ ముందూ వెనకా ఎవరికి ఏ కాంట్రాక్టులు వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడటం వీలైంది. అంతకుముందు కూడా గణితం ఉంది, అంకెలే లేవు.

మన ఊళ్లో మనకు కావాల్సిన అంకెలు పెద్దవేమీ కాదు. ఏసీబీ కేసులు విచారించే ప్రత్యేక కోర్టు విజయవాడలోనే ఉంది. ప్రాసిక్యూషన్ అనుమతి మీద మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని, న్యాయసలహా కోసం ఇంకొక నెల చాలని 2018 సవరణ చెబుతోంది. విచారణ రెండేళ్లలో ముగించే ప్రయత్నం చెయ్యాలని, ఎంత పొడిగించినా నాలుగేళ్లు దాటకూడదని కూడా అందులోనే ఉంది. ప్రతి కేసుకూ ట్రాప్ జరిగిన తేదీ, అనుమతి అడిగిన తేదీ, అది వచ్చిన తేదీ, ఛార్జిషీటు తేదీ, తీర్పు తేదీ. శాఖల వారీగా ఈ ఐదు తేదీలు ఒక పట్టికలో పెట్టి ప్రభుత్వం ఏటా ప్రచురించాలి. ఎవరి పేర్లూ అక్కర్లేదు. ఎన్ని ట్రాపులు అనుమతి దగ్గర ఆగిపోయాయో, ఎన్ని కోర్టులో నిలవలేదో, ఏ శాఖ ఫైలును ఎన్ని నెలలు పక్కన పెట్టిందో ఆ పట్టిక చూసి మా డిగ్రీ మూడో ఏడాది పిల్లలు ఒక పూటలో లెక్క తేల్చగలరు.